చూడని పనిని ఎట్టా కోరుకుంటారు?

(మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు, స్థానిక వ్యాపారులతో నెల్లూరులో జరిగిన సమావేశంలో ఒక ప్రత్యేక విద్యా ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కావలి నుంచి, ఆత్మకూరు నుంచి, ఉదయగిరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. ఒంగోలు నుంచి కూడా కొందరు తల్లులు వచ్చారు. పిల్లలు మధ్యలో లేచి తిరిగినా, గట్టిగా మాట్లాడినా కంగారు పడకండి. వాళ్ల గురించి జరిగే మీటింగ్ ఇది, వాళ్లు ఉండాల్సిందే. వెనక వరసలో ట్రంకురోడ్డు, స్టోన్‌హౌస్‌పేట షాపుల వాళ్లు కూర్చున్నారు. పని వదులుకుని వచ్చారు, చాలా సంతోషం. నేను చెప్పేదాంట్లో సగం మీకోసమే.

నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్ని నేను మొదట అడిగే ప్రశ్న, "మీవాడికి ఏ పని ఇష్టం?" అని. ఎక్కువమంది ఒకటే జవాబు చెప్తారు: "వాడికేం తెలుసు మేడం, మీరే ఏదో ఒకటి చూడండి." తర్వాత పిల్లవాణ్ణి అడుగుతాను. వాడు "పోలీస్" అంటాడు, లేకపోతే "బస్ డ్రైవర్" అంటాడు. ఆడపిల్ల అయితే "టీచర్" అంటుంది. పక్కనున్న పెద్దవాళ్లు నవ్వేస్తారు. దయచేసి నవ్వకండి. పోలీసును టీవీలో చూశాడు. డ్రైవర్‌ను బడి బస్సులో చూశాడు. టీచర్‌ను రోజూ చూస్తోంది. వాళ్ల కళ్లబడిన పనులు అవే. ఉన్నవాటిలోంచి ఏరుకున్నారు.

మీ ఇంట్లోనే రెండో పిల్లవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. పదేళ్లప్పుడు చిల్లర కొట్టుకు పంపారు. వేసవి సెలవుల్లో నాన్నతో షాపులో కూర్చున్నాడు. సైకిల్ పంక్చరైతే మెకానిక్ పక్కనే గంటసేపు నిలబడి చూశాడు. తాతతో రైసుమిల్లుకు పోయాడు. ఎవరూ నేర్పకుండానే వాడి బుర్రలోకి పాతిక రకాల పనులు ఎక్కాయి. ఈ పిల్లవాడికి వచ్చేసరికి మనం భయపడి, జాలిపడి, జనం ఏమనుకుంటారోనని ఇంట్లోనే ఉంచేశాం. ఇల్లు, బడి, గుడి, ఆసుపత్రి. అంతే వాడి ప్రపంచం. పద్దెనిమిదేళ్లు నిండాక ఒకరోజు కూర్చోబెట్టి "నువ్వేం పని చేస్తావురా?" అంటే, చూడని పనిని ఎట్టా కోరుకుంటాడమ్మా?

ఈ పద్దెనిమిది అనే అంకె మనకు చాలా ముఖ్యం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు మన పిల్లలకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. మండలాల్లో మన పిల్లలకు చదువు, శిక్షణ ఇచ్చే ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి, స్పెషల్ స్కూళ్లున్నాయి. పద్దెనిమిది దాటాక పొద్దున్నే యూనిఫాం వేసుకుని వెళ్లే చోటు పోతుంది. అప్పటిదాకా ఎంతో కష్టపడి నేర్చుకున్నవి ఏడాదిలో జారిపోతాయి. పది గంటలకు లేవడం, టీవీ, ఫోను, బరువు పెరగడం, మాటంటే కోపం. "మావాడు ముందు ఇట్టా ఉండేవాడు కాదు మేడం" అని ఏడ్చే తల్లులు నాకు తెలుసు. ఆ పిల్లవాడికి మందు అవసరమో కాదో డాక్టరు చెప్పాలి. పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు మాత్రం కచ్చితంగా అవసరం. అందుకే పని గురించిన ఆలోచన పదమూడు, పద్నాలుగేళ్లకే మొదలుపెట్టమంటాను.

మొదలుపెట్టడం అంటే పనిలో పెట్టేయడం కాదు. చూపించడం. వారానికో చోటు చాలు. బేకరీ వెనక పిండి కలిపే గది. లాండ్రీ. మొక్కల నర్సరీ. సూపర్ మార్కెట్‌లో సరుకు దించే టైము. పాలకేంద్రం. తెలిసినవాళ్ల షాపయితే అరగంట నిలబడనిస్తారు. అక్కడ మీరు పాఠం చెప్పొద్దు, "ఇది చూడు, అది చూడు" అనొద్దు. పిల్లవాణ్ణి గమనించండి. దేని దగ్గరికి వెళ్తున్నాడు? చేతిలోకి ఏం తీసుకున్నాడు? ఎంతసేపు ఉన్నాడు? దేనికి చెవులు మూసుకున్నాడు? ఇంటికొచ్చాక ఒక నోటుబుక్కులో రెండు లైన్లు రాసుకోండి. మాటలు సరిగా రాని పిల్లలకు ఫోనులో తీసిన ఫోటోలు చూపించి "మళ్లీ ఎక్కడికి వెళ్దాం?" అని అడగండి. వేలు పెట్టి చూపిస్తారు. అదే వాళ్ల జవాబు.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను, పేరు చెప్పను. వాళ్లమ్మ పూలు కడుతుంది కాబట్టి కూతురికీ అదే పని అనుకున్నారు. ఆ పిల్ల పది నిమిషాలు కూడా కుదురుగా కూర్చోదు, పూలు విసిరేస్తుంది. "దీనికి ఏ పనీ రాదు" అని తేల్చేశారు. ఒకరోజు సూపర్ మార్కెట్‌కు తీసుకెళ్లాం. సబ్బుల వరస దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఉన్న ప్యాకెట్లన్నీ ఒక్కొక్కటే తిప్పి, పేరు ముందుకు వచ్చేట్టు పెట్టుకుంటూ పోయింది. ఎవరూ చెప్పలేదు. వంకరగా ఉంటే ఆ పిల్ల కంటికి నచ్చదు, అంతే. ఇంట్లో చెప్పులు వరసగా పెట్టి, ఎవరైనా కదిపితే గొడవ చేస్తుందని వాళ్లమ్మ అప్పుడు చెప్పింది. ఇంట్లో తిట్లు తెచ్చిపెట్టిన అలవాటే షాపులో జీతం వచ్చే పని. ఇప్పుడు ఆ అమ్మాయి నాలుగు గంటలు నిలబడి ర్యాకులు సర్దుతుంది. కూర్చోమంటేనే కష్టం.

చూపించడం దగ్గరే ఆగకూడదు, చేసి చూడాలి కూడా. అమెరికాలో సిన్సినాటి అనే ఊళ్లో పెద్ద పిల్లల ఆసుపత్రి ఉంది. 1996లో అక్కడి ఎమర్జెన్సీ విభాగాన్ని చూసే ఎరిన్ రీల్ అనే నర్సుకు ఒక చిక్కొచ్చింది. గదుల్లో దూది, గ్లవ్స్, సిరంజిలు అయిపోగానే మళ్లీ నింపే పనికి ఎవరొచ్చినా నిలవడం లేదు. రోజూ అదే పని, అదే వరస, విసుగుపుట్టి మానేస్తున్నారు. ఆ వరస ఇష్టపడేవాళ్లు, ఒకే పని శ్రద్ధగా చేసేవాళ్లు ఎవరా అని ఆలోచించి, మేధో వైకల్యం ఉన్న యువతకు నేర్పించి పెట్టుకున్నారు. దాంట్లోంచి ప్రాజెక్ట్ సెర్చ్ అనే కార్యక్రమం పుట్టి చాలా దేశాలకు పాకింది. బడి చివరి ఏడాది పిల్లలు తరగతి గదిలో కాకుండా ఆసుపత్రిలోనో ఆఫీసులోనో గడుపుతారు. ఏడాదిలో మూడు వేరువేరు విభాగాల్లో పని చేసి చూస్తారు. మూడు చోట్ల చేశాక ఏది నప్పుతుందో ఆ పిల్లవాడికీ తెలుస్తుంది, యజమానికీ తెలుస్తుంది. మన పొగతోటలో ఎన్ని ఆసుపత్రులున్నాయి! ఓపీ ఫైళ్లు, మడతపెట్టాల్సిన దుప్పట్లు, నింపాల్సిన దూది డబ్బాలు లేని ఆసుపత్రి ఒక్కటి చూపించండి. ఆ యాజమాన్యాలతో మాట్లాడాల్సిన బాధ్యత మనందరిదీ.

ఇప్పుడు తల్లిదండ్రులు ఎక్కువగా అనే ఇంకో మాట. "ముందు అన్నీ నేర్పండి మేడం, పూర్తిగా వచ్చాక పనికి పంపుతాం." ఏళ్ల తరబడి క్యాండిల్స్, పేపర్ ప్లేట్లు, ఫినాయిల్ చేయిస్తూ ఉంటారు. పిల్లవాడు ముప్పై ఏళ్లవాడవుతాడు, ఇంకా "ట్రైనింగ్"లోనే ఉంటాడు. నాకు ఇది చూస్తే చాలా బాధ. క్లాసులో నేర్చుకున్నది ఇంకో చోట చేయడమే మన పిల్లలకు అన్నిటికన్నా కష్టం. క్లాసులో ప్లాస్టిక్ నాణేలు లెక్కపెట్టినవాడు షాపులో గల్లా పెట్టె ముందు తెల్లమొహం వేస్తాడు. అందుకే పని దొరికిన చోటే, ఆ బల్ల దగ్గరే, ఆ మనుషుల మధ్యే నేర్పాలి. పక్కన నాలాంటి ట్రైనర్ ఉంటారు. మొదట చెయ్యి పట్టి, తర్వాత మాటతో, తర్వాత సైగతో, తర్వాత దూరంగా నిలబడి. కొన్నాళ్లకు వారానికోసారి వెళ్లి చూసి వస్తాం.

అమెరికాలోనే 1970ల్లో మార్క్ గోల్డ్ అనే ఆయన, ఏమీ నేర్చుకోలేరని ముద్రపడి పెద్ద పెద్ద ఆశ్రమాల్లో ఉండిపోయిన మనుషులకు సైకిల్ బ్రేకు విడి భాగాలన్నీ బిగించడం నేర్పి చూపించారు. మాటలు చాలా తక్కువ వాడేవారట. పనిని చిన్న చిన్న ముక్కలు చేశారు. ఒక ముక్క రాకపోతే లోపం నేర్పే పద్ధతిలో ఉందనుకుని ఇంకో పద్ధతి పట్టారు. నేర్పేవాళ్లందరం రోజూ గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి ఇది.

మనూళ్లోదే చెప్తాను. స్వీటు షాపులో ఒక కుర్రాడు. పది లడ్ల బాక్సు సర్దాలి. వాడికి మూడు దాటి లెక్క రాదు. "పది లెక్కపెట్టలేనివాడు ప్యాకింగ్ ఎట్టా చేస్తాడు?" అన్నారు ఓనరు, న్యాయమైన ప్రశ్నే. బాక్సులో లడ్డు కింద పెట్టే చిన్న కాగితం కప్పులుంటాయి కదా, అవి ఐదేసి రెండు వరసలు సరిగ్గా పడతాయి. ఒక్కటి తగ్గినా ఖాళీ కనబడుతుంది. మొదట అట్ట పెట్టె నాలుగు మూలలు మడిచి నిలబెట్టాలి. కప్పులతో నింపాలి. గ్లవ్స్ వేసుకోవాలి. కప్పుకో లడ్డు. ఖాళీ కప్పు లేదంటే మూత. లెక్క పని కప్పులే చేశాయి. కుర్రాడికి అట్ట మూలలు మడవడమే అన్నిటికన్నా కష్టమైంది, ఎటు మడవాలో తెలిసేది కాదు. మడిచే గీతల మీద ఎర్ర పెన్నుతో గీసిన ఒక నమూనా పెట్టెను ఎదురుగా పెట్టాం. తర్వాత దాని అవసరం కూడా లేకపోయింది. పండగ రోజుల్లో వాడు రాకపోతే ఓనరు ఫోన్ చేస్తారు.

అయితే ఆ కుర్రాడి ఉద్యోగం మొదట్లో పోవాల్సింది, అదీ ప్యాకింగ్ వల్ల కాదు. బాక్సులు అయిపోగానే చేతులు కట్టుకుని నిలబడిపోయేవాడు. మిగతా వర్కర్లకు ఒళ్లు మండేది: "చూడండి సార్, ఊరికే నిలబడ్డాడు." వాడికి తెలిసింది చెప్పిన పని చేయడం, అది అయిపోయింది. అందుకని ఒక వాక్యం నేర్పాం: "అన్నా, అయిపోయింది, ఇంకేం చేయను?" పొద్దునా సాయంత్రం ఇంట్లో కూడా అదే వాక్యం. పళ్లెం తీశాక, మంచం దులిపాక, బట్టలు ఆరేశాక. నోటికి పట్టేసింది. మాట రానివాళ్లకు ఇదే పని ఒక కార్డు చేస్తుంది, లేదంటే చెయ్యెత్తి చూపించడం. మన పిల్లలు పని రాక మానేసిన సందర్భాలు నేను తక్కువ చూశాను. టైముకు రాకపోవడం, స్నానం చేయకుండా రావడం, కస్టమర్ల ఫోన్లు ముట్టుకోవడం, అడిగే మాట రాకపోవడం, వీటితో పోయినవే ఎక్కువ. ఇవన్నీ ఇంట్లో నేర్పగలిగేవి, వీటికి ఏ సంస్థా అక్కర్లేదు.

ఇక్కడ అమ్మలు కొంచెం మనసు గట్టి చేసుకోవాలి. ఇరవై ఏళ్ల కొడుక్కి మీరే స్నానం చేయిస్తున్నారా? ఈ నెల నుంచి వీపు తప్ప మిగతాది వాణ్ణే రుద్దుకోమనండి. టిఫిన్ డబ్బా మూత వాడే తీయాలి, వాడే కడగాలి. ఆడపిల్లలకు నెలసరిలో ప్యాడ్ మార్చుకోవడం, చుట్టి పారేయడం బొమ్మలతో నేర్పండి. బస్సు నంబరు చదవలేకపోతే నంబరును బొమ్మలాగా గుర్తుపట్టడం నేర్పొచ్చు. గడియారం రాకపోతే బయల్దేరే టైముకు ముళ్లు ఎక్కడుంటాయో కాగితం మీద గీసి, అసలు గడియారం పక్కనే అంటించండి. రెండూ ఒకేలా కనబడితే బయల్దేరడమే. ఇంకొకటి, చాలామంది ముద్దుగా వదిలేసే విషయం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లనూ వాటేసుకోవడం ఆరేళ్లప్పుడు బాగుంటుంది. ఇరవై ఏళ్లప్పుడు షాపుకొచ్చిన ఆడమనిషిని వాటేసుకుంటే పోలీసు కేసవుతుంది. నమస్కారం ఇప్పుడే అలవాటు చేయండి. చుట్టాలతో కూడా చెప్పండి, వాళ్లూ చేతులు జోడించాలి.

ఫిట్స్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు జాగ్రత్తగా వినాలి. మన జిల్లాలో రొయ్యల చెరువుల మీద పని దొరకడం తేలిక, మేత సంచులు మోయడం, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలు కడగడం. మీ బిడ్డకు ఫిట్స్ వస్తుంటే నీళ్ల గట్టు వద్దు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు దగ్గర అసలే వద్దు. గ్యాస్ పొయ్యి, కోత మెషీన్లు కూడా అంతే. డాక్టరుతో మాట్లాడాకే ఏ పని అనేది తేల్చుకోండి. ఓనరుకు ముందే చెప్పండి. దాచిపెట్టి పనిలో చేర్చడం బిడ్డ ప్రాణంతో ఆడుకోవడం.

పల్లెల్లో ఉన్నవాళ్లు "మాకు సూపర్ మార్కెట్లు ఎక్కడివి?" అంటారు. మీకు గేదెలున్నాయి, కొట్టాం ఉంది, చిల్లర కొట్టుంది. ఉదయగిరి పక్కన చెక్క గరిటెలు చేసే ఇళ్లున్నాయి. గరిటెకు నునుపు పెట్టడం, నూనె రాయడం ఓపికగా చేసేవాళ్లు దొరికితే వాళ్లకీ మేలే. సొంత ఇంటి పని అయినా సరే, దానికి ఒక టైము ఉండాలి, నెలకు ఇంతని చేతికి డబ్బు ఇవ్వాలి. "మనదే కదా, వాడికెందుకు డబ్బు" అనకండి. వాడి డబ్బుతో వాడు ఐస్‌క్రీమ్ కొనుక్కోవడం చూడండి ఒకసారి.

వెనక వరసలో ఉన్న అన్నలకు చెప్పాలి. మీ దగ్గరికి మేం దానం కోసం రావడం లేదు. పనికి తగ్గ జీతం ఇవ్వండి, రెండు గంటల పనైతే రెండు గంటల జీతమే. పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలవండి, మీ వర్కర్లు వేరే పేర్లు పెడితే మొదటి రోజే ఆపండి. మీ దగ్గర పనిచేసేవాళ్లలో ఓపికున్న ఒకర్ని అన్నగానో అక్కగానో అప్పజెప్పండి. నలుగురు నాలుగు రకాలుగా చెప్తే వీళ్లకు తికమక. ఒకేసారి మూడు పనులు చెప్పొద్దు, ఒకటి అయ్యాక ఇంకొకటి. ఇలాంటివి వేరే ఊళ్లలో జరగనివేం కావు. కర్ణాటకలోని హుబ్బళ్లిలో 2017లో మొదలైన మిట్టీ కెఫే దివ్యాంగులతోనే నడుస్తుంది, 2023లో సుప్రీంకోర్టు ఆవరణలో కూడా ఒకటి తెరిచారు. లెమన్ ట్రీ హోటళ్లలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు టేబుళ్ల దగ్గర పనిచేస్తారు. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పరిధిలోకి వచ్చే షాపులకు ఒక సంగతి: మామూలు ఉద్యోగికి 21,000 రూపాయల జీతం వరకే ఈఎస్‌ఐ, దివ్యాంగులకు 25,000 వరకు వర్తిస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగం గురించి అడగకుండా ఎవరూ ఇంటికి వెళ్లరని నాకు తెలుసు. 1995 చట్టంలో దివ్యాంగులకు 3 శాతం రిజర్వేషన్ ఉండేది, దాంట్లో మన పిల్లలకు వాటా లేదు. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసి, అందులో 1 శాతం మేధో వైకల్యం, ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లందరికీ కలిపి ఇచ్చింది. ఒక్క శాతంలో ఇంతమంది. హక్కు హక్కే, వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపుకిచ్చే యూడీఐడీ కార్డు సిద్ధంగా పెట్టుకోండి, నోటిఫికేషన్లు చూడండి. దాని కోసం ఇంట్లో కూర్చోబెట్టి ఏళ్లు మాత్రం పోగొట్టకండి. శిక్షణ, అసెస్‌మెంట్ కోసం మన నెల్లూరులోనే సీఆర్‌సీ అనే దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రం ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ కింద నడుస్తుంది. ఒక్కసారైనా వెళ్లి కలవండి. పద్దెనిమిది నిండినవాళ్లకు చట్టపరమైన సంరక్షకులుగా ఉండాలంటే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ గారి అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, అక్కడ దరఖాస్తు పెట్టాలి. బ్యాంకు పనుల్లో ఆ కాగితం అడుగుతారు.

ఇక మీరు అడగండి.

(ఒక తండ్రి: "పనికి పంపితే పెన్షన్ తీసేస్తారేమో మేడం?")

ఈ భయం చాలా ఇళ్లలో ఉంది. ఇప్పుడు ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పెన్షన్ నెలకు 6,000 రూపాయలు. చిన్న జీతం కోసం అది పోగొట్టుకోవాలని ఎవరూ అనుకోరు, మీ టెన్షన్ నాకర్థమవుతుంది. పనిలో చేరకముందే మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గరికి వెళ్లి, ఎన్ని గంటలు, ఎంత జీతం అనేది చెప్పి, ఇప్పటి నిబంధన ఏమిటో అడగండి. పక్కింటివాళ్లు చెప్పింది విని నిర్ణయం తీసుకోకండి. నేనూ వస్తాను కావాలంటే.

(ఒక తల్లి: "ఆడపిల్ల మేడం. ఎట్టా పంపమంటారు?")

మీరు భయపడటంలో తప్పేం లేదమ్మా. ఆడవాళ్లు ఉన్న చోటే చూద్దాం, పగటి పూటే, మొదట్లో రానూ పోనూ మీరే. దాంతోపాటు ఇంట్లో నేర్పాల్సింది ఒకటుంది: "వద్దు" అని గట్టిగా అనడం. మనం ఈ పిల్లలకు చిన్నప్పటి నుంచి చెప్పింది చేయడమే నేర్పాం. ఎవరేం చెప్పినా తలూపుతారు, ప్రమాదం అక్కడే ఉంది. శరీరంలో ఎక్కడ ఎవరూ ముట్టుకోకూడదో బొమ్మ మీద చూపించండి. ఎవరైనా ముట్టుకుంటే "వద్దు" అని అరిచి, బయటికి వచ్చి, ఇంటికొచ్చాక మీకు చెప్పాలి. ఇది ఆటలాగా రోజూ చేయించండి. మగపిల్లలకు కూడా చేయించండి, వాళ్లకూ ఇదే ప్రమాదం ఉంది. ఇంకా ఇంట్లో అప్పుడప్పుడు ఇష్టం లేని కూర వద్దంటే తిట్టకండి.

(ఒక వ్యాపారి: "నాది బట్టల షాపు. నా దగ్గర వీళ్లు చేసే పని ఏముంటుందండీ?")

ఇప్పుడు ఇక్కడ నిలబడి నేను చెప్పలేనండి, మీ షాపు చూడాలి. సాయంత్రం రద్దీ తగ్గాక కౌంటర్ మీద చీరలు గుట్టగా పడి ఉంటాయా? వాటిని మడిచేది ఎవరు? మీ సేల్స్ అమ్మాయిలేనా? అప్పుడు కొత్త కస్టమర్ వస్తే ఎవరు చూస్తున్నారు? కవర్లు, హ్యాంగర్లు ఎవరు సర్దుతున్నారు? సోమవారం వచ్చి రెండు గంటలు ఒక మూల నిలబడతాను, మీకు అడ్డం రాను. ఏ పని ఎవరూ చేయలేక మిగిలిపోతోందో రాసుకుంటాను. తర్వాత ఆ పనికి ఎవరు సరిపోతారో మీరూ నేనూ, ఇక్కడున్న అమ్మానాన్నలు, పిల్లలు కలిసి చూద్దాం. మీ షాపు ఎన్ని గంటలకు తెరుస్తారు?